ఇష్టమైన పాత పుస్తకంలో ముల్లు తగిలితే ఎలా చదవాలి

గోదావరి డెల్టాలో చదువు అలవాటున్న ఏ పాత ఇంట్లోనైనా అటక దింపితే ఓ ట్రంకుపెట్టెడు పుస్తకాలు దొరుకుతాయి. వీరేశలింగం, చిలకమర్తి, శ్రీపాద, బాపిరాజు, మొక్కపాటి. ఇక్కడివాళ్లకి ఇవి చుట్టాల పేర్లతో సమానం. మొక్కపాటి వారి బారిష్టరు పార్వతీశం మొగల్తూరు కుర్రాడు. బాపిరాజు గారి నారాయణరావుది కొత్తపేట. శ్రీపాద వారి కథల్లో ఆడవాళ్ల మాట నిన్నమొన్నటిదాకా మన మేనత్తలు మాట్లాడిన మాట. (అందరి మేనత్తలూ కాదు. ఆ సంగతి కిందికి వెళ్లాక వస్తుంది.)

అంత దగ్గరి పుస్తకం చదువుతుంటే ఎక్కడో ఒకచోట ఒక కులం పేరు తిట్టుగా తగులుతుంది. లేదా భోగం పిల్ల మీద ఒక వెకిలిమాట, అవిటివాణ్ణి చూసి ఒక నవ్వు, ఆడదాని బుద్ధి ఇంతే అని ఒక తీర్పు. చాలామంది అక్కడ రెండే పనులు చేస్తారు. ఒకరు పుస్తకం మూసి పక్కన పడేస్తారు. ఇంకొకరు "ఆ కాలం అలాంటిదిలే" అనుకుని పేజీ తిప్పేస్తారు. ఇద్దరూ ఆ పేజీని చదవనట్టే. ఆ పేజీ దగ్గరే కాసేపు ఆగుదామనుకునేవాళ్ల కోసం ఈ పద్ధతి.

కావలసినవి: పుస్తకం, మెత్తటి 2బి పెన్సిలు, గీతల నోటుపుస్తకం ఒకటి, మొదటిసారికి మూడు గంటల తీరిక. పెన్ను వాడకండి. మన గాలిలో తేమకి పాత కాగితం సిరాను పీల్చి అవతలి పేజీకి దించేస్తుంది. పైగా ఇవాళ పెట్టిన గుర్తు రేపు తప్పనిపించవచ్చు.

మొదటి పని: చేతిలో ఉన్నది ఏ ముద్రణో తేల్చుకోండి

లోపలి అట్ట తిప్పి మూడు సంగతులు చూడండి: మొదటిసారి ఎప్పుడు అచ్చయింది, మీ చేతిలోది ఎన్నో ముద్రణ, ఎక్కడైనా "సంక్షిప్త", "సంస్కరించిన", "విద్యార్థుల కోసం" అన్న మాట ఉందా. ఆ మాట ఉంటే ముల్లు ఎవరో ముందే పీకేసి ఉండవచ్చు. పూవు రేకులు కూడా నాలుగు రాలిపోయి ఉండవచ్చు. పాత ముద్రణల స్కాన్‌లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చాలా ఉన్నాయి. మీకు అనుమానం వచ్చిన పేజీ ఒక్కటి పోల్చి చూసుకున్నా చాలు.

ఈ పని ఎందుకు ముఖ్యమంటే రచయితలు కూడా మారతారు. "కన్యాశుల్కం" 1897 అచ్చు వేరు, 1909 అచ్చు వేరు. దాదాపు రెండు నాటకాలని చెప్పవచ్చు. వీరేశలింగం గారి "రాజశేఖర చరిత్రము" 1878లో ఆయన పత్రిక "వివేకవర్ధని"లో వరసగా మొదలై 1880లో పుస్తకమైంది. పత్రికలో విడతలుగా రాసేవాడికీ, పుస్తకంగా దిద్దుకునేవాడికీ తీరిక ఒకటి కాదు.

తరవాత అట్ట లోపల పెన్సిలుతో ఒక చిన్న తీసివేత వేయండి: రచన వచ్చిన ఏడాదిలోంచి రచయిత పుట్టిన ఏడాది. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు 1867లో ఖండవల్లిలో పుట్టారు. "గణపతి" 1920లో వచ్చింది. అంటే యాభై మూడేళ్ల మనిషి రాసిన నవల. అందులో ఏదైనా మీకు గుచ్చుకుంటే "కుర్రతనం" అని దాటేయడానికి వీల్లేదు. అలాగే ఇరవై రెండేళ్లవాడు రాసిన మాటను అతని జీవితం మొత్తానికి అంటగట్టకూడదు. ఈ తీసివేతకి అర నిమిషం పడుతుంది. తరవాత జరిగే వాదనల్లో సగం దీనితోనే తెగిపోతాయి.

రెండో పని: ఆ మాట ఎవరి నోటిది

గుచ్చుకున్న ప్రతి వాక్యం పక్కన ఒక అక్షరం వేయండి. పాత్ర అన్నదైతే "పా". కథ చెప్పే గొంతు అన్నదైతే "క". పీఠికలోనో వ్యాసంలోనో స్వీయచరిత్రలోనో రచయిత తన పేరు మీదే అన్నదైతే "ర". గిరీశం వితంతువుల గురించి దంచే ఉపన్యాసం గురజాడ గారి ఖాతాలో వేస్తే నాటకమే అర్థం కాదు.

"పా" అని వేసినంత మాత్రాన రచయిత బయటపడినట్టు కాదు. ఇక్కడే చాలామంది పొరపడతారు. ఆ మాటకి పుస్తకంలో ఇంకెవరైనా జవాబు చెప్పారా? అన్నవాడు తరవాత చిన్నబోయాడా? అన్నిటికన్నా పనికొచ్చే పరీక్ష: నవ్వు ఎవరి మీద పడుతోంది? "గణపతి"లో రెండు రకాల నవ్వులున్నాయి. చదువూ సంధ్యా లేని బ్రాహ్మణ్యం మీద, తిండియావ మీద పడే నవ్వు ఒకటి. అది లోపలివాడు తన ఇంటివాళ్లని చూసి నవ్విన నవ్వు, అందులో దిగులు కూడా ఉంది. గణపతి ఒంటి తీరు చూసి నవ్వించేది రెండోది. మొదటిదానికి మనసారా నవ్వండి. రెండోదాని పక్కన "క" వేయండి. చూపు పోగొట్టుకున్న మనిషి, రాజమండ్రిలో దళితుల పిల్లలకి బడి పెట్టిన మనిషి అయిన చిలకమర్తి గారే ఆ రెండో నవ్వు కూడా నవ్వించారు. ఈ రెండు నిజాల్లో ఒకటి రెండోదాన్ని చెరిపేయదు.

సామెతల దగ్గర నెమ్మదించండి. పాత కథకుల భాషకి రుచి తెచ్చేవి సామెతలే. చిన్నచూపు ఎక్కువగా దాక్కునేదీ వాటిలోనే. చాకలి, మంగలి, కరణం, విధవ, కోమటి, మాల అని మొదలయ్యే ప్రతి సామెతకీ గుర్తు పెట్టండి. చదివేటప్పుడు అవి గడియారం చప్పుడులా చెవికి ఆనకుండా పోతాయి. ఒక్క నవలలో ఎన్ని ఉన్నాయో వరసగా నోటుపుస్తకంలో ఎక్కించి, ఆ కులంవాడు పక్కన కూర్చున్నాడనుకుని ఒకసారి పైకి చదవండి. ఏది నోరు దాటనంటుందో అది మీకే తెలుస్తుంది.

మూడో పని: ఎవరు నిలబడ్డారో, ఎక్కడ నిలబడ్డారో లెక్క వేయండి

తిట్టు కంటికి కనిపిస్తుంది, గుర్తు పెట్టవచ్చు. లేని మనిషికి గుర్తు పెట్టడం కష్టం. అందుకని ఈ లెక్క. ఇరవై ముప్పై పేజీల కథ ఒకటి తీసుకోండి. నోటుపుస్తకంలో నాలుగు గళ్లు గీయండి. మొదటి గడిలో మనిషి. రెండో గడిలో ఆ మనిషికి సొంత పేరుందా, లేక కులం పేరో పని పేరో మాత్రమే ఉందా. మూడో గడిలో ఎన్ని సార్లు నోరు విప్పారు. నాలుగో గడిలో ఎక్కడ నిలబడి మాట్లాడారు: మండువాలోనా, వీధి అరుగు మీదా, దొడ్డిగుమ్మం దగ్గరా, పొలం గట్టు మీదా.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి కథల మీద ఈ లెక్క వేస్తే ఎంతో తెలుస్తుంది. 1891లో పొలమూరులో పుట్టి, వేదం చదువుకున్న ఇంట్లో పెరిగి, ఆడవాళ్ల నోట ఆడవాళ్ల మాటే పలికించిన మనిషి ఆయన. "అరికాళ్ళకింద మంటలు"లో పుట్టింట్లో గొడ్డు చాకిరీ చేసే చిన్న వితంతువు చివరికి వితంతువులకి నీడనిచ్చిన వీరేశలింగం పంతులు గారి తోటకి దారి పడుతుంది. ఆ పిల్ల ఎవరి దయకోసమూ ఏడవదు, తనే గడప దాటుతుంది. మూడో గడి నిండిపోతుంది.

ఇప్పుడు అదే సంపుటంలో అగ్రహారం ఇళ్ల కథలు మరో మూడు తీసుకుని, ఆ ఇంట్లో వండిన బియ్యం ఏ చేతులు పండించాయో వెతకండి. మాన్యం ఉంది, కౌలు ఉంది, ధాన్యం బస్తాలు ఉన్నాయి. దున్నిన మనిషి పేరు మీ రెండో గడిలో పడిందా? పడకపోతే ఆ ఖాళీని ఖాళీగానే ఉంచండి, కొట్టేయకండి. "మన మేనత్తలు" అని పైన అన్న మాటలో "మన" ఎంత చిన్నదో ఆ ఖాళీ గడి చెబుతుంది. ఆ పక్కనే "ఇలాంటి తవ్వాయి వస్తే" కూడా చదవాలి. అంటరానితనాన్ని ఆయన నేరుగా పట్టుకున్న కథ అది. ఒక్క కథతో మనిషిని తేల్చకూడదనడానికి రెండువైపులా రుజువు ఒకే రచయిత దగ్గర దొరుకుతుంది.

ఈ లెక్కలో జరిగే పొరపాటు ఒకటుంది. ఆడవాళ్లని మాత్రమే లెక్కపెట్టి ఆగిపోతారు. పిల్లల్ని, ముసలివాళ్లని, వేరే మతంవాళ్లని, బండి తోలినవాణ్ణి, మంత్రసానిని కూడా ఎక్కించండి. చలం గారి "మైదానం" లాంటి నవల తీసుకుంటే రాజేశ్వరి స్వేచ్ఛ దగ్గరే మన చర్చలన్నీ ఆగుతాయి. అమీర్‌ను ఎలా చూపించారు, అతనికి ఒళ్లు కాక ఇంకేం ఇచ్చారు అన్న గడి నింపినవాళ్లు తక్కువ.

నాలుగో పని: "ఆ కాలం అలాంటిది" అనే ముందు

ఈ మాట అనడానికి ఒక షరతు పెట్టుకోండి. ఆ రచనకి అటూ ఇటూ ఇరవై ఏళ్లలో, వీలైతే ఆ చుట్టుపక్కలే, అందుకు ఎదురు మాట అన్నవాళ్లు ఎవరూ లేరని చూసుకున్నాకే అనాలి. ఒక్కరు దొరికినా ఆ మాట చెల్లదు. దొరకడం మీరనుకున్నంత కష్టమేం కాదు. బండారు అచ్చమాంబ "ధనత్రయోదశి" రాసింది 1902లో. రాజమండ్రివాడైన దళిత కవి కుసుమ ధర్మన్న "మాకొద్దీ నల్లదొరతనము" రాసింది 1920ల మొదట్లో. అంటే కులం గురించీ ఆడవాళ్ల గురించీ ఇప్పుడు మనం అడిగే ప్రశ్నలు అప్పుడే, మన తెలుగులోనే, అచ్చులో ఉన్నాయి.

ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. మనకి అన్నిటికన్నా కష్టమైనదే తీసుకుందాం.

కందుకూరి వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. వెలి వేస్తామన్నారు, వంటవాళ్లూ నీళ్లు మోసేవాళ్లూ దొరకని రోజులు గడిపారు. ఆయన లేకపోతే శ్రీపాద వారి కథలో పిల్లకి వెళ్లడానికి ఒక తోటే ఉండేది కాదు. ఆయనే "ఆంధ్రకవుల చరిత్రము"లో తంజావూరు కవయిత్రి ముద్దుపళని దగ్గరికి వచ్చేసరికి, ఆమె "రాధికాసాంత్వనము" ఆడది వినకూడనిది, ఆడదాని నోట రాకూడనిది అన్న ధోరణిలో తీసిపారేశారు. ఆమె పుట్టిన కులాన్ని ఎత్తి మరీ అన్నారు. ఇది "ర" గుర్తు. పాత్ర మాట కాదు, కథకుడి మాట కాదు, ఆయన తీర్పే.

ఎదురు మాట ఉందా? ఉంది. 1910లో గాయని బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని మళ్లీ అచ్చు వేయించింది. అంతకుముందు అచ్చయిన ప్రతిలో ముద్దుపళని తన సంగతి చెప్పుకున్న భాగమూ కొన్ని పద్యాలూ లేవని రాతప్రతి సంపాదించి చూసి, వాటిని చేర్చింది. (మొదటి పని ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా.) పీఠికలో వీరేశలింగం గారి మాటనే పట్టుకుని నిలదీసింది: సిగ్గు ఆడవాళ్లకే ఉండాలా, మగవాళ్లు ఇంతకన్నా పచ్చిగా రాసినవి ప్రబంధాలై, మెప్పులు ఎలా పొందాయి అని. మరుసటి ఏడాదే ప్రభుత్వం పుస్తకం మీద పడింది. ఆ నిషేధం 1947లో గానీ పోలేదు. పంతులు గారు 1919 దాకా బతికే ఉన్నారు. కనుక "ఆ కాలం అలాంటిది" ఇక్కడ చెల్లదు. ఆ కాలంలోనే, ఆయన ఎవరినైతే తక్కువ చేశారో ఆ కులంలో పుట్టిన మనిషే, అచ్చులో జవాబు చెప్పింది.

నోటుపుస్తకంలో రాయవలసిన వాక్యం ఇలా ఉంటుంది: "వీరేశలింగం గారు వితంతువు కోసం ఊరినంతా ఎదిరించారు. భోగం స్త్రీలో కవయిత్రిని చూడలేకపోయారు. ఆయన బతికుండగానే నాగరత్నమ్మ ఆ మాట చెప్పింది." మూడు వాక్యాలే. మధ్యలో "కానీ", "అయినప్పటికీ" పెట్టకండి. ఆ పదాలు వెనకది ముందుదాన్ని మింగేసేలా చేస్తాయి. కావాలంటే మీరే పెట్టి చూడండి, వాక్యం ఎటు ఒరుగుతుందో తెలుస్తుంది.

ఈ ఉదాహరణ మన ప్రాంతంలో ఊరికే చదివి వదిలేసేది కాదు. కళావంతుల (అప్పట్లో భోగంవాళ్లనేవారు) కుటుంబాలున్న ఊళ్లు డెల్టాలో చాలా ఉన్నాయి. సంస్కరణ వల్ల ఒక ఇంటి ఆడపిల్ల బయటపడింది, ఇంకో ఇంటి ఆడవాళ్లకి పాటా, ఆటా, మడిచెక్కా, మర్యాదా కలిసి పోయాయి. వాళ్ల మనవరాళ్లు ఇవాళ మీ పక్క బల్ల మీదే కూర్చుని ఉండవచ్చు.

ఎదురు మాట దొరికినా రచయితకి అది తెలిసే వీలు లేకపోతే (ఊరు దూరం, భాష వేరు, అచ్చు కాలేదు) అది కూడా రాయండి. ఎంత వెతికినా దొరకకపోతే అప్పుడు "నాకు ఎదురు మాట దొరకలేదు" అని రాయండి. "లేదు" అని రాయకండి. చదువు అందనివాళ్ల ఎదురు మాట కాగితం మీద ఎలాగూ ఉండదు. పాటల్లో, తిట్లలో, బుర్రకథల్లో ఉంటే ఉంటుంది.

ఐదో పని: దోషం ఏ రకమో చూసి దానికి తగ్గ పని

మాట దోషం అంటే అప్పట్లో అందరూ వాడిన, ఇప్పుడు వాడకూడని పదం. గుర్తు పెట్టి ముందుకి పోవచ్చు. చూపులో లోపం అంటే మూడో పనిలో తేలిన ఖాళీ. దానికి మందు ఆ పుస్తకంలో దొరకదు, ఇంకో పుస్తకం చదవాలి, అది కింద వస్తుంది.

వాదనగా చేసిన దోషం వేరు. విశ్వనాథ సత్యనారాయణ గారి "వేయిపడగలు" వర్ణవ్యవస్థను, పాత దొరతనాన్ని దాచిపెట్టి సమర్థించదు, బాహాటంగా, వందల పేజీల్లో, గొప్ప భాషలో సమర్థిస్తుంది. అలాంటి పుస్తకానికి "పోనీలే" అని మాఫీ ఇవ్వడం రచయితకి కూడా అవమానమే. ఆయన వాదించాడు, మీరూ వాదించండి. ఒక అధ్యాయం తీసుకుని ఆయన వాదాన్ని మీ మాటల్లో ఐదు వాక్యాల్లో ఆయనే ఒప్పుకునేంత న్యాయంగా రాయండి. తరవాత ఐదు వాక్యాల్లో జవాబు రాయండి. మొదటి ఐదూ రాయలేకపోతే ఆ పుస్తకం మీకింకా అర్థం కాలేదన్నమాట. రెండో ఐదూ రాయలేకపోతే ఆ భాష మిమ్మల్ని ఎత్తుకుపోయిందన్నమాట.

ఇక రచయిత బతుకులో దోషం. ఇక్కడ జాగ్రత్త. మన వైపు కవుల కథలు కాలవ నీళ్లలా ఊరూరా పారతాయి. ఫలానాయన భార్యని ఇలా చూశాడట, అప్పు ఎగ్గొట్టాడట. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు రాశారో చెప్పలేని ముచ్చట నోటుపుస్తకంలోకి ఎక్కకూడదు. రచయిత స్వీయచరిత్రలోనో ఉత్తరాల్లోనో ఉన్నది మాత్రమే ఎక్కించండి.

జంట పుస్తకం కట్టండి

ఈ పద్ధతిలో అన్నిటికన్నా ఫలం ఇచ్చేది ఇదే. ఇష్టమైన పాత పుస్తకానికి, అది చూడని వైపునుంచి రాసినది ఒకటి వెతికి జత చేయండి. కొన్ని జంటలు:

గరిమెళ్ళ సత్యనారాయణ "మాకొద్దీ తెల్లదొరతనము", కుసుమ ధర్మన్న "మాకొద్దీ నల్లదొరతనము". రెండూ ఒకే కాలంలో, ఒకే ఎత్తుగడలో నడిచిన పాటలు. మొదటిది పాడి ఆ ఊపు దిగకముందే రెండోది చదవాలి. తెల్లదొర పోతే ఎవరికి స్వరాజ్యం అన్న ప్రశ్న ఎవరూ వివరించకుండానే తగులుతుంది.

"ఆంధ్రకవుల చరిత్రము"లో ముద్దుపళని మీద రాసిన భాగం, నాగరత్నమ్మ పీఠికతో ఉన్న "రాధికాసాంత్వనము".

శ్రీపాద కథలు, బోయి భీమన్న గారి "పాలేరు" నాటకం. భీమన్న గారిది కోనసీమలో మామిడికుదురు. ఒకే నేల, ఒకే కాలవ నీళ్లు, ఒకే ధాన్యం. మీ రెండో గడిలో ఖాళీగా మిగిలిన మనిషి ఇక్కడ కథానాయకుడు.

వరస ఇలా ఉండాలి. ముందు ఇష్టమైనది పూర్తిగా, ప్రేమగానే చదవండి. రెండు వారాలు దాటకుండా జంటది చదవండి. తరవాత మళ్లీ మొదటి పుస్తకంలో మీరు గుర్తులు పెట్టిన పేజీలు మాత్రమే చదవండి. రెండు వారాలు దాటితే మొదటిదాని గొంతు చెవిలోంచి పోతుంది, పోలిక కుదరదు. ముందే జంటది చదివితే మొదటిది నేరం వెతికే చదువవుతుంది.

ఇందులో పెద్ద తప్పు, రెండో పుస్తకాన్ని కషాయంలా మింగడం. భీమన్నని శ్రీపాదకి విరుగుడుగా చదివితే భీమన్నకి అన్యాయం. ఆయన నాటకంలో ఏ మాట పేలింది, ఏ రంగం బిగువుగా ఉంది, ఎక్కడ సాగింది అని శ్రీపాదని చదివినంత శ్రద్ధగా, అంతే చనువుగా చదవండి. నచ్చనిది నచ్చలేదని కూడా రాయండి.

ఒకే పేజీ మీద రెండు గళ్లు

అన్నీ అయ్యాక నోటుపుస్తకంలో ఒక్క పేజీ తీసుకుని మధ్యకి గీత గీయండి. ఎడమ "ఏం ఇచ్చింది", కుడి "ఏం గుచ్చింది". రెండుచోట్లా పేజీ నంబరుతో రాయాలి. "భాష బాగుంది", "కులతత్వం ఉంది" లాంటివి రాస్తే ఆరు నెలల తరవాత మీకే పనికిరావు. ఏ వాక్యం బాగుంది? ఏ పిలుపు, ఏ పలుకుబడి? ఎవర్ని, ఏ మాటతో తక్కువ చేసింది? అట్టడుగున కూడికలు తీసివేతలు వేసి మార్కులు ఇవ్వకండి. ఆ రెండు గళ్లూ ఒకే పేజీ మీద ఉండడమే కావలసింది. విడివిడి పేజీల్లో రాసినవాళ్లు కొన్నాళ్లకి తమకి అనువైన పేజీనే తిప్పుతుంటారు.

నలుగురూ కలిసి చదివేటప్పుడు

ఎనిమిది నుంచి పన్నెండుమంది, గంటన్నర. మొదటి పావుగంట పుస్తకం వివరాలు (ఏడాది, వయసు, ముద్రణ). తరవాత నలభై నిమిషాలు ఎంచుకున్న పేజీలు పైకి చదవడం. మిగిలిన ముప్పై ఐదు నిమిషాలు మాట. చదవడాన్ని తగ్గించి మాట పెంచితే పుస్తకం పక్కకిపోయి మనుషుల మీదికి వస్తుంది.

కులాన్ని తిట్టుగా వాడిన పదం వచ్చినప్పుడు ఏం చేయాలో ముందే అనుకోండి. అందరూ ఒప్పుకుంటే ఉన్నదున్నట్టు చదవవచ్చు. ఒక్కరు వద్దన్నా, కారణం అడక్కుండా, అక్కడ "కులం పేరు" అని చెప్పి సాగిపోవాలి. పేజీ అందరి ముందూ ఉంటుంది కనుక దాచినట్టు కాదు. ఆ కులంవాళ్లు గదిలో ఉంటే వాళ్లవైపు తిరిగి "మీకెలా అనిపించింది" అని అడగకండి. అంతకన్నా మనిషిని ఒంటరిని చేసే ప్రశ్న లేదు. వాళ్లు చెప్పదలచుకుంటే చెబుతారు. వాళ్లు కూడా ఆ రోజు ఛందస్సు గురించి మాట్లాడదామని వచ్చి ఉండవచ్చు.

రోజు ఎంచుకునేటప్పుడు పంట చూడండి. నవంబరు, డిసెంబరుల్లో సార్వా కోతలు, ఏప్రిల్లో దాళ్వా కోతలు. ఆ రోజుల్లో పెడితే కూలికి వెళ్లేవాళ్లూ చిన్న కౌలురైతులూ రాలేరు. పుస్తకంలో ఎవరి గడి ఖాళీగా ఉందని బాధపడ్డారో వాళ్ల కుర్చీ మీ గదిలో కూడా ఖాళీ అవుతుంది. చోటు కూడా అంతే. ఒక కులం వీధిలో పెద్దింటి అరుగు కన్నా శాఖా గ్రంథాలయమో బడో నయం.

పిల్లలకి చదివి వినిపించేటప్పుడు

సుమతీ శతకంలో "కోమలి విశ్వాసంబును, పాములతో చెలిమి" అని ఒక పద్యం ఉంది. ఆడదాని నమ్మకం, పాముతో స్నేహం ఒకటే అని. ఎనిమిదేళ్లలోపు పిల్లలకైతే ఆ పద్యం మొత్తంగా వదిలేయండి. ఆ శతకంలో నేర్పడానికి వేరే పద్యాలు బోలెడున్నాయి. తొమ్మిది నుంచి పన్నెండేళ్లవాళ్లకి చదివి "ఇది రాసినాయనకి అమ్మ లేదా?" అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోండి. జవాబు వాళ్లే వెతుక్కుంటారు. పెద్ద పిల్లలకి దాచేది ఏమీ లేదు.

ఏ వయసువాళ్లకైనా సరే, పదం మార్చి చెప్పకండి. పదేళ్ల తరవాత అసలు పద్యం దొరికిన రోజున ఆ పిల్ల శతకాన్నీ నమ్మదు, మిమ్మల్నీ నమ్మదు. వదిలేయడం వేరు, మార్చడం వేరు.

వేమన దగ్గర ఇంకో మెలిక ఉంది. కులాన్ని అంత పదునుగా కోసిన వేమన పేరు మీదే ఆడవాళ్లని తక్కువ చేసే పద్యాలూ ఉన్నాయి. బ్రౌన్ దొర 1829లో అచ్చు వేయించక ముందు అవి నోళ్లలోనూ రాతప్రతుల్లోనూ తిరిగి, ఎన్నో చేతులు పడి వచ్చినవి. అక్కడ "వేమన అన్నాడు" అనకుండా "వేమన పేరు మీద జనం దాచుకున్నారు" అనడం న్యాయం. అప్పుడు ప్రశ్న వేమన మీంచి జనం మీదికి, అంటే మన మీదికి వస్తుంది.

కొనడం, మళ్లీ అచ్చు వేయడం

మన దేశంలో రచయిత పోయిన ఏడాది ముగిసినప్పటి నుంచి 60 ఏళ్ల దాకా హక్కులు వారసులవి. 1919లో పోయిన వీరేశలింగం, 1946లో పోయిన చిలకమర్తి రచనలు ఎప్పుడో స్వేచ్ఛ పొందాయి. 1961లో పోయిన శ్రీపాద కథలు 2022 జనవరి 1 నుంచి ఎవరైనా వేయవచ్చు. విశ్వనాథ గారివి 2036 చివరిదాకా, చలం గారివి 2039 చివరిదాకా హక్కుల్లోనే ఉంటాయి.

మీ ఊరి గ్రంథాలయమో సంఘమో ఏదైనా మళ్లీ అచ్చు వేస్తుంటే ఒకటే కోరిక: మూలంలో అక్షరం ముట్టుకోకండి. చెప్పవలసింది ముందుమాటలో నాలుగు పేజీలు మించకుండా చెప్పండి. ఆ ముందుమాటని, వీలైతే, ఆ పుస్తకం తక్కువ చేసిన వర్గంనుంచి వచ్చి, ఆ రచయితని ఇష్టంగా చదివే మనిషి చేత రాయించండి. అలాంటివాళ్లు ఉన్నారు. అడిగినవాళ్లే తక్కువ. ఇబ్బందైన పదాలకి అదే పేజీ అడుగున చిన్న వివరణ ఇవ్వండి, పుస్తకం చివర పెడితే ఎవరూ తిప్పి చూడరు.

ఇంట్లో ప్రతిని వర్షాలకి ముందు ఒక పూట నీడపట్టున ఆరబెట్టి, పుటల మధ్య ఎండిన వేపాకు పెట్టి గుడ్డలో చుట్టండి. ఏడాది పోయాక అదే పుస్తకం తీసి, పాత గుర్తులు చెరపకుండా, కొత్త గుర్తుల పక్కన తేదీ వేస్తూ మళ్లీ చదవండి. కొన్ని "క"లు "పా"లవుతాయి, ముందు కంటపడని సామెత ఇప్పుడు గుచ్చుకుంటుంది, ఎడమ గడిలోకి కూడా రెండు కొత్త వాక్యాలు వస్తాయి. వాటికి చోటుండేలా ఆ పేజీలో సగం ఇప్పుడే ఖాళీ ఉంచండి.